ఆంప్లిఫయర్‌ను పవర్ కండిషనర్‌కు తగిలించాలా, నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరులో ఇరవై ఏళ్ళ కిందట కట్టిన సొంత ఇల్లు. ఈ మధ్య ఒక్కో ఛానెల్‌కు 60 వాట్లిచ్చే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్, పెద్ద స్పీకర్ల జత కొన్నాను. టర్న్‌టేబుల్, నెట్‌వర్క్ ప్లేయర్ ఇంతకుముందే ఉన్నాయి. ఆంప్లిఫయర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు పెడితే ఎప్పుడో ఒకప్పుడు కాలిపోతుందనీ, 48,000 రూపాయల పవర్ కండిషనర్ పెట్టుకుంటే రక్షణతో పాటు సంగీతం కూడా మెరుగ్గా వినిపిస్తుందనీ అమ్మినవారు చెబుతున్నారు. కండిషనర్‌కు తగిలిస్తే ఆంప్లిఫయర్‌కు కావలసిన కరెంటు అందదనీ, మృదంగం దెబ్బలో బలం పోతుందనీ నా మిత్రుడు అంటున్నాడు. వేసవి సాయంత్రాలు మా వీధిలో లో వోల్టేజి ఉంటుంది. స్పీకర్లలో సన్నగా హమ్ వినిపిస్తోంది. కొన్ని రాత్రులు ఆంప్లిఫయర్ పెట్టె కూడా గుయ్‌మంటోంది. కరెంటు పోయినప్పుడు దీన్ని ఇన్వర్టర్ మీద నడపవచ్చా? ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ ఆంప్లిఫయర్‌ను సరైన ఎర్తింగ్ ఉన్న గోడ ప్లగ్గుకు నేరుగానే పెట్టుకోండి. ఆ 48,000 రూపాయలు ఇప్పుడే ఖర్చు చేయకండి. అలాగని రక్షణ అక్కరలేదని నా ఉద్దేశం కాదు. మీ ఉత్తరంలో నాలుగు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి: లో వోల్టేజి, స్పీకర్లలోని హమ్, పెట్టెలోని మోత, కాలిపోతుందన్న భయం. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, చేయవలసిన పనులు వేరు. అవేమిటో తేల్చుకోకుండా కండిషనర్ కొనడం, రోగం పేరు తెలియకుండా మందుల దుకాణంలో అన్నింటికన్నా ఖరీదైన సీసా కొనుక్కొచ్చినట్టే అవుతుంది.

పవర్ కండిషనర్ అన్న పేరుతో బజారులో దొరికే పెట్టెలన్నీ ఒకే పని చేయవన్నది మొదట గ్రహించవలసిన విషయం. ఎక్కువ వాటిలో ఉండేవి రెండే: ఒక్కసారిగా ఎగసిపడే వోల్టేజిని అణచే వారిస్టర్లు, రేడియో తరంగాల స్థాయి రొదను వడగట్టే కాయిల్, కెపాసిటర్ల ఫిల్టర్. ఇంకొన్నింటిలో గోడ లైనుకూ పరికరానికీ నేరుగా తీగ సంబంధం లేకుండా విడదీసే బరువైన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మూడో రకం వచ్చిన కరెంటును డీసీగా, అంటే ఒకే దిశలో పారే కరెంటుగా మార్చి, దాని నుంచి కొత్తగా 50 హెర్ట్జ్ ఏసీని, అంటే దిశ మారుతూ ఉండే ఇంటి కరెంటును తయారు చేసే రీజనరేటర్. పీఎస్ ఆడియో కంపెనీ పవర్ ప్లాంట్ పేరుతో అమ్మేవి ఈ జాతివే. ఇవి నిజంగానే వోల్టేజిని స్థిరంగా ఉంచుతాయి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మొదటి రెండు రకాలు మాత్రం లో వోల్టేజిని సరిచేయవు. 195 వోల్టులు లోపలికి వస్తే 195 దాకానే బయటికి పంపుతాయి. కాబట్టి దుకాణదారును మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ పెట్టె వోల్టేజిని సరిచేస్తుందా, లేక వడగట్టి మాత్రమే పంపుతుందా అన్నది. ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పలేనివారి దగ్గర అంత ఖరీదైన వస్తువు కొనవద్దని నా సలహా.

ఇక మీ మిత్రుడి వాదన. అందులో నిజం ఎంతో తెలియాలంటే ఆంప్లిఫయర్ కరెంటును ఎలా తీసుకుంటుందో చూడాలి. మీరు చెప్పిన తరహా ఆంప్లిఫయర్లలో ముందు ట్రాన్స్‌ఫార్మర్, తరువాత ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్, ఆ తరువాత కరెంటును నిల్వ ఉంచే రెండు పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. 230 వోల్టుల ఏసీ తరంగం శిఖరం దగ్గర సుమారు 325 వోల్టులకు చేరుతుంది. కెపాసిటర్లు ఆ శిఖరం దగ్గర మాత్రమే నిండుతాయి. తరంగం కిందికి దిగగానే రెక్టిఫయర్ మూసుకుపోతుంది, అప్పటి నుంచి మళ్ళీ శిఖరం వచ్చేదాకా స్పీకర్లను నడిపేది కెపాసిటర్లలో నిల్వ ఉన్న కరెంటే. అంటే ఆంప్లిఫయర్ గోడ నుంచి కరెంటును నిలకడగా లాగదు. సెకనుకు 100 సార్లు, ప్రతిసారీ రెండు మూడు మిల్లీసెకన్ల పాటు గట్టిగా లాగి ఊరుకుంటుంది. సగటున ఒక ఆంపియర్ కూడా తీసుకోని ఆంప్లిఫయర్ ఆ రెండు మూడు మిల్లీసెకన్లలో నాలుగైదు ఆంపియర్లు తీసుకోగలదు. గోడకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఏది పెట్టినా దాని నిరోధం ఈ కొద్దిసేపటి కరెంటు మీదనే ప్రభావం చూపుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 12 ఓములు. మెయిన్ బోర్డు నుంచి మీ హాలు ప్లగ్గు దాకా 15 మీటర్లుంటే, వెళ్ళే తీగ, వచ్చే తీగ కలిపి 30 మీటర్లు, అంటే 0.36 ఓములు. ఐదు ఆంపియర్లు పారినప్పుడు దాని మీద పోయేది దాదాపు 1.8 వోల్టులు, 325లో అర శాతం చిల్లర. ఇది ఏ చెవికీ తెలియదు. వారిస్టర్లు, ఫిల్టర్ మాత్రమే ఉన్న కండిషనర్‌లోని కాయిళ్ళ నిరోధం మామూలుగా ఇంతకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి, సరైన సామర్థ్యం ఉన్న అలాంటి కండిషనర్ మృదంగం దెబ్బను మింగేస్తుందన్న మాట నిలవదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి వేరు. 500 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద 5 శాతం వోల్టేజి పోగొట్టుకునే రకమైతే, దాని లోపలి నిరోధం ఐదు ఓములకు పైమాటే. అదే ఐదు ఆంపియర్లకు అక్కడ 25 వోల్టుల పైన పోతాయి, అంటే శిఖరంలో 8 శాతం. పెద్ద ధ్వనితో వింటున్నప్పుడు ఆంప్లిఫయర్ గరిష్ఠ శక్తిలో సుమారు 15 శాతం తగ్గినట్టు. డెసిబెల్‌లలో అది ఒకటికి లోపే అయినా, ఉన్న శక్తినంతా వాడుకునే పెద్ద దెబ్బ దగ్గర కొంచెం ముందుగానే శబ్దం పగులుతుంది. కాబట్టి మీ మిత్రుడి మాట చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెల విషయంలో నిజం, మిగిలిన వాటి విషయంలో అతిశయం.

దుకాణదారు చెప్పిన మెరుగుదలను కూడా ఇదే కొలతతో చూడాలి. కండిషనర్ ఫిల్టర్లు ప్రధానంగా పనిచేసేది 150 కిలోహెర్ట్జ్‌కు పైన. వినికిడి హద్దు 20 కిలోహెర్ట్జ్. ఆ పైనున్న రొద ఆంప్లిఫయర్‌లోకి వచ్చినా ట్రాన్స్‌ఫార్మర్ కొంత, పెద్ద కెపాసిటర్లు కొంత అడ్డుకుంటాయి. మిగిలింది స్పీకర్ దాకా చేరకుండా ఆంప్లిఫయర్ సర్క్యూట్ చాలావరకు తానే తిరస్కరిస్తుంది. ఇంజినీర్లు శ్రద్ధగా రూపొందించిన పవర్ ఆంప్లిఫయర్ అవసరమైన వడపోతను తనలోనే పెట్టుకుని ఉంటుంది. అందుకే దానికి బయటి ఫిల్టర్ వల్ల వినిపించే లాభం అరుదు. కొన్ని కంపెనీలు దీన్ని తమ పుస్తకాల్లోనే రాస్తాయి. బ్రిటన్‌కు చెందిన నేమ్ ఆడియో తమ పరికరాల ప్లగ్గులలో వారిస్టర్లు గానీ, నాయిస్ సప్రెసర్లు గానీ పెట్టవద్దని సూచిస్తుంది. మీ ఆంప్లిఫయర్‌తో వచ్చిన పుస్తకంలో ఈ విషయం గురించి ఏం రాశారో ముందు చదవండి, ఎందుకంటే ఆ పరికరం గురించి దుకాణదారుకన్నా, నాకన్నా తయారుచేసినవారికే బాగా తెలుసు.

మీ వీధిలోని లో వోల్టేజి విషయానికి వస్తే, అనుకోవడం కాకుండా కొలవడం అవసరం. ఒక డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకుని, అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత, ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో, అర్ధరాత్రి హాలు ప్లగ్గు దగ్గర వోల్టేజి చూసి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇళ్ళకిచ్చే సరఫరాలో హెచ్చుతగ్గులు 6 శాతానికి మించకూడదన్నది 1956 నాటి భారత విద్యుత్ నియమాల నుంచీ వస్తున్న ప్రమాణం. అంటే 216కూ 244కూ మధ్య ఉండాలి. రోజూ సాయంత్రం అంతకన్నా బాగా కిందికి పోతుంటే, ఆ కాగితం చేతిలో ఉంచుకుని 1912 నంబరుకు ఫిర్యాదు చేయండి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైందా, స్తంభం దగ్గర జాయింటు వదులైందా అన్నది తేల్చడం విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం బాధ్యత. సొంత ఖర్చుతో పెట్టె కొనుక్కోవడానికి ముందు ఆ హక్కును వాడుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే వదులు జాయింటు ఈరోజు లో వోల్టేజి ఇస్తుంది, రేపు అంతకన్నా పెద్ద ప్రమాదం తెస్తుంది.

ఈలోగా లో వోల్టేజి వల్ల మీ ఆంప్లిఫయర్‌కు జరిగే నష్టం మీరనుకున్నంత లేదు. 230కి బదులు 195 వోల్టులు వస్తే గరిష్ఠ శక్తి 60 వాట్ల నుంచి దాదాపు 43 వాట్లకు దిగుతుంది. వినడానికి పెద్ద తగ్గుదలలా ఉన్నా డెసిబెల్‌లలో ఇది ఒకటిన్నరకు లోపే. ఇంట్లో మామూలుగా వినే ధ్వనికి సగటున ఒక వాటు కూడా ఖర్చు కాదు కాబట్టి, తేడా తెలిసేది బాగా పెద్దగా పెట్టినప్పుడు మాత్రమే. స్టెబిలైజర్ అవసరమయ్యేది వోల్టేజి తరచూ 190కి దిగువకు పోతున్నప్పుడో, రాత్రిపూట 250 దాటుతున్నప్పుడో. అప్పుడైనా కనీసం 1 కేవీఏ సామర్థ్యం ఉన్నది తీసుకోండి. రిలేలతో పనిచేసే మామూలు స్టెబిలైజర్ వోల్టేజిని మెట్లు మెట్లుగా మారుస్తుంది, మారినప్పుడల్లా టక్‌మన్న చప్పుడు వస్తుంది. సర్వో స్టెబిలైజర్ నెమ్మదిగా, మెట్లు లేకుండా సరిచేస్తుంది గానీ ధర ఎక్కువ, లోపలి కార్బన్ బ్రష్షు అరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడూ చూపించుకోవాలి. రెంటిలో ఏదైనా సరే, టర్న్‌టేబుల్‌కు కనీసం ఒక మీటరు దూరంగా పెట్టండి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం సూది ఉండే కార్ట్రిడ్జ్‌లోకి నేరుగా హమ్‌ను దించుతుంది.

కాలిపోతుందన్న భయం దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మన ఊళ్ళలో ఇంటి పరికరాలను ఒకేసారి బలితీసుకునేది చాలాసార్లు కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ. వీధిలోకి కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగలకూ కలిపి ఒకటే న్యూట్రల్ ఉంటుంది. అది స్తంభం దగ్గర తెగినా, వదులైనా, ఒక ఫేజు మీదున్న ఇల్లూ మరో ఫేజు మీదున్న ఇల్లూ వరసగా కలిసిపోయి, రెండు ఫేజుల మధ్య ఉండే దాదాపు 400 వోల్టులను తమ తమ లోడును బట్టి పంచుకుంటాయి. ఎయిర్ కండిషనర్, గీజరు నడుస్తున్న ఇంటికి తక్కువ వస్తుంది. ఒక టీవీ, ఒక ఆంప్లిఫయర్ మాత్రమే నడుస్తున్న ఇంటికి 300 పైచిలుకు, ఒక్కోసారి 380 కూడా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా వెలిగిపోయి, ఫ్యాను వేగం పెరిగి, ఏదో కాలుతున్న వాసన వచ్చేలోపు నష్టం జరిగిపోతుంది.

ఇలాంటి సందర్భంలో కండిషనర్‌లోని వారిస్టర్ మిమ్మల్ని కాపాడదు. 230 వోల్టుల సరఫరాకు సాధారణంగా వాడే వారిస్టర్ 275 వోల్టుల రకం. అది పిడుగుపాటు వంటి మైక్రోసెకన్ల దెబ్బను తట్టుకోవడానికి పెట్టినది. అదే పనిగా నిమిషాల తరబడి 350 వోల్టులు వస్తే అది తానే వేడెక్కి కాలిపోతుంది, నాసిరకం వాటిలో మంటకూ దారితీస్తుంది. పైగా దాని అణచివేత కూడా పరిమితమే: 20 మిల్లీమీటర్ల వెడల్పున్న 275 వోల్టుల వారిస్టర్ 100 ఆంపియర్ల దెబ్బ తగిలినప్పుడు దాదాపు 710 వోల్టుల దాకా దాటనిస్తుంది. ప్రతి పెద్ద దెబ్బకూ అది కొంత బలహీనపడుతుంది, కొన్నేళ్ళకు పనికిరాకుండా పోయినా బయటికి తెలియదు. సూచిక దీపం ఉన్న సర్జ్ ప్రొటెక్టర్‌నే కొనమనడానికి కారణం ఇదే.

న్యూట్రల్ పోయినప్పుడు కాపాడేది, వోల్టేజి హద్దు దాటగానే ఇంటి సరఫరానే విడదీసే ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి ప్రొటెక్టర్. దీన్ని మెయిన్ బోర్డులో, లోడు మించితే ఆగే స్విచ్‌లైన ఎంసీబీల పక్కన బిగిస్తారు. మీ ఇంట్లో ఉన్న లోడుకు తగిన ఆంపియర్లది ఎంచుకుని, పై హద్దు 265 లేక 270 వోల్టుల దగ్గర, కింది హద్దు 170 దగ్గర పెట్టించండి. దానితోపాటు మెయిన్ బోర్డులోనే ఒక సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ కూడా పెట్టిస్తే పిడుగుల వల్ల లైనులోకి వచ్చే దెబ్బల నుంచి ఆంప్లిఫయర్ ఒక్కదానికే కాదు, ఫ్రిజ్జుకూ, వాషింగ్ మెషీన్‌కూ, టీవీకీ రక్షణ దొరుకుతుంది. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు మీకు చెప్పిన కండిషనర్ ధరలో చిన్న భాగమే. రక్షణ పేరుతో ఒక పరికరాన్ని మాత్రమే కాపాడి ఇల్లంతటినీ వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలైనప్పుడు మాత్రం ఏ పెట్టెనూ నమ్ముకోకుండా ప్లగ్గు పీకేయండి. స్విచ్ కట్టేయడం చాలదు. కేబుల్ టీవీ లేక డిష్ తీగ సెట్ టాప్ బాక్స్ ద్వారా మీ సిస్టమ్‌కు కలిసి ఉంటే దాన్నీ తీసేయాలి, ఎందుకంటే పిడుగు దెబ్బ ఆ తీగ వెంట వస్తే కరెంటు ప్లగ్గు దగ్గర పెట్టిన రక్షణకు పనే ఉండదు.

ఇక ఎర్తింగ్. మీ ఇల్లు ఇరవై ఏళ్ళది అన్నారు కాబట్టి, నా లెక్కలో మొదటి ఖర్చు ఇక్కడే పెట్టాలి. పైన చెప్పిన ఫిల్టర్లైనా, సర్జ్ ప్రొటెక్టర్లైనా సరైన ఎర్త్ ఉంటేనే పూర్తిగా పనిచేస్తాయి. ఫిల్టర్‌లో ఫేజు నుంచి ఎర్త్‌కూ, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కూ చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే ఆ రెండు కెపాసిటర్ల మధ్యనున్న లోహపు పెట్టె సరఫరా వోల్టేజిలో సగానికి, అంటే 115 వోల్టుల దగ్గరకు చేరుతుంది. కరెంటు చాలా కొద్దిదే కాబట్టి ప్రాణాపాయం ఉండదు గానీ, వేలి వెనక వైపు ఆనిస్తే జిల్లుమంటుంది. పెద్ద ధర పెట్టి కొన్న కండిషనర్ ఆ స్థితిలో ఉన్న రొదను తగ్గించకపోగా సిస్టమ్‌లోకి కొత్త హమ్‌ను తెచ్చిపెట్టగలదు.

పరీక్ష ఇలా చేయించండి. ఆంప్లిఫయర్ పెట్టే ప్లగ్గులో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలవాలి. మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండి, మూడోది ఒకటి రెండు వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. మూడోది పది దాటినా, రెండోది నిలకడ లేకుండా ఊగిసలాడినా ఎక్కడో లోపం ఉంది. పాత ఇళ్ళలో ఎర్త్ తీగ వంటింటికీ, మోటారుకూ మాత్రమే వేసి హాలు ప్లగ్గులో పై పిన్ను ఖాళీగా వదిలేయడం కొత్త కాదు. మూడో కొలత కచ్చితంగా సున్నా చూపిస్తే సంతోషించకండి, ప్లగ్గు విప్పించి చూడండి. ఎర్త్ దొరకని చోట ఆ పిన్నును న్యూట్రల్‌కు ముక్క తీగతో కలిపేసే పనివాళ్ళు ఉన్నారు. అలా చేసిన ఇంట్లో న్యూట్రల్ తెగిన రోజు ఆంప్లిఫయర్ లోహపు పెట్టె మొత్తానికి ఫేజు కరెంటు వస్తుంది. ముట్టుకున్న మనిషి బతకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. ఎర్తింగ్ గుంటను కూడా చూపించండి. ఉప్పు, బొగ్గు వేసి తవ్విన పాత గుంట అయితే పైపు తుప్పు పట్టి ఉండవచ్చు, వేసవిలో నేల ఎండితే దాని నిరోధం బాగా పెరుగుతుంది. ఎర్తింగ్ గురించిన ఐఎస్ 3043 ప్రమాణం తెలిసిన లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, అవసరమైతే కొత్త ఎలక్ట్రోడ్ వేయించండి. అదే సమయంలో మెయిన్ బోర్డులో, కరెంటు ఎర్త్‌లోకి కారితే సరఫరాను ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి.

స్పీకర్లలో వినిపించే హమ్‌కు చాలావరకు కరెంటు నాణ్యతతో సంబంధం ఉండదు. ముందు ఆంప్లిఫయర్ ఆపి, వెనక ఉన్న ఇన్‌పుట్ తీగలన్నీ తీసేసి, స్పీకర్లు మాత్రం ఉంచి మళ్ళీ ఆన్ చేసి, వూఫర్‌కు చెవి దగ్గరగా పెట్టి వినండి. అప్పటికీ హమ్ అంతే ఉంటే లోపం ఆంప్లిఫయర్‌లోనిది, వారంటీలో ఉండగానే చూపించండి. నిశ్శబ్దమైతే, ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఆపి, ఒక్కొక్క తీగే తిరిగి పెడుతూ ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టండి. టర్న్‌టేబుల్ పెట్టగానే వస్తే దాని సన్నని గ్రౌండ్ తీగ ఆంప్లిఫయర్ వెనక ఉన్న గ్రౌండ్ స్క్రూకు బిగించి ఉందో లేదో చూడండి. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే కాబట్టి, అక్కడ చొరబడిన హమ్ వందల రెట్లు పెరిగి స్పీకర్‌కు చేరుతుంది. నెట్‌వర్క్ ప్లేయర్ టీవీకి, టీవీ సెట్ టాప్ బాక్స్‌కు, అది కేబుల్ తీగకు కలిసి ఉంటే, రెండు చోట్ల ఎర్త్ అయి మధ్యలో హమ్ తెచ్చే కరెంటు తిరిగే వలయం, అంటే గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. దానికి కేబుల్ తీగలో ఐసొలేటర్, లేదా ఆడియో తీగలో చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. హమ్ పోతుందని ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా చెబితే ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

కండిషనర్ పెట్టగానే హమ్ తగ్గిందని చెప్పేవారిని నేను అబద్ధాలకోరులనను. అక్కడ జరిగేది తరచుగా ఇది: అంతకుముందు మూడు వేర్వేరు ప్లగ్గులలో ఉన్న పరికరాలన్నీ ఒకే పెట్టెలోకి వచ్చి, అన్నింటి ఎర్త్ ఒకే చోట కలిసింది. గట్టి రాగి తీగ, మంచి సాకెట్లు ఉన్న ఆరు ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా అదే పని చేస్తుంది. మీ పరికరాలన్నీ ఒకే గోడ ప్లగ్గు నుంచి అలాంటి బోర్డుకు తెచ్చి చూడండి. మీ సిస్టమ్ మొత్తం తీసుకునే కరెంటు దానికి భారం కాదు.

హమ్ కాకుండా చిటపటలు, జిర్‌మన్న రొద వస్తే ఇంట్లోనే వెతకండి. నాబ్ తిప్పితే వేగం కొద్దికొద్దిగా మారే పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ తరంగాన్ని మధ్యలో కోసి పంపుతుంది. ఫ్యాను తక్కువ వేగంలో ఉన్నప్పుడు రొద ఎక్కువై, పూర్తి వేగంలో తగ్గితే దోషి అదే. నాలుగైదు మెట్లుగా మారే, కెపాసిటర్లున్న రెగ్యులేటర్ పెట్టిస్తే ఆ రొద మొదట్లోనే ఆగిపోతుంది. నాసిరకం ఎల్ఈడీ బల్బులు కూడా ఇలాంటి పనే చేస్తాయి.

ఆంప్లిఫయర్ పెట్టె కొన్ని రాత్రులు గుయ్‌మంటోందన్నది మీ ఉత్తరంలో నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించిన విషయం. స్పీకర్లకు సంబంధం లేకుండా పెట్టె నుంచే వచ్చే ఈ మోత లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ది. చాలా ఆంప్లిఫయర్లలో ఉండే గుండ్రని టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ సమర్థమైనది, కానీ ఏసీలో కొద్దిగా డీసీ కలిసినా ఓర్చుకోదు. సగం వోల్టు కన్నా తక్కువ డీసీ కూడా తీగ చుట్టిన దాని ఇనుప కోర్‌ను, ఇక అయస్కాంతత్వాన్ని పట్టలేని సంతృప్త స్థితికి నెట్టి మోత పుట్టించగలదు. సగం వేడి మీద పెట్టిన హెయిర్ డ్రయర్ వంటివి ఒక డయోడుతో తరంగంలో సగాన్ని కోసేసి, లైనులోకి ఈ డీసీని తెస్తాయి. అది పొరుగింట్లో వాడినా మీకు చేరవచ్చు. రెండో కారణం హై వోల్టేజి: రాత్రి పొద్దుపోయాక వీధి లోడు తగ్గి వోల్టేజి 250 దాటితే కూడా ఇదే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటుంది. మోత వచ్చిన రాత్రి మల్టీమీటర్ చూస్తే ఏ కారణమో తెలిసిపోతుంది. వోల్టేజి ఎక్కువైతే స్టెబిలైజర్, మామూలుగానే ఉంటే లైనులోని డీసీని అడ్డుకునే డీసీ బ్లాకర్. ఈ బ్లాకర్ అన్ని కండిషనర్లలో ఉండదన్నది గుర్తుంచుకోండి. దుకాణదారును అడగవలసిన రెండో ప్రశ్న ఇదే. మోత మీరు కూర్చునే చోటికి వినపడనంత చిన్నదైతే దాన్ని వదిలేయవచ్చు, దాని వల్ల ఆంప్లిఫయర్ పాడవదు.

ఇన్వర్టర్ సంగతి: మీది గోడ కరెంటులా నునుపైన తరంగమిచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి, సామర్థ్యం సరిపోతే నిరభ్యంతరంగా నడపండి. స్క్వేర్ వేవ్ రకమైతే వద్దు. సైన్ తరంగం 230 వోల్టులైనప్పుడు శిఖరం 325. చతురస్ర తరంగం 230 అయితే శిఖరం కూడా 230 దగ్గరే. ఆంప్లిఫయర్ కెపాసిటర్లు శిఖరానికే నిండుతాయి కాబట్టి వాటికి దాదాపు 30 శాతం తక్కువ వోల్టేజి అందుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మోగుతుంది, ఆ చతురస్రపు పదునైన అంచుల రొద టర్న్‌టేబుల్ సిగ్నల్‌ను పెంచే ఫోనో సర్క్యూట్‌లోకి దిగుతుంది. కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్‌లలో చాలావాటి బ్యాటరీ కరెంటు కూడా సైన్ తరంగం కాదు, మెట్లు మెట్లుగా ఉండేదే.

ఇవన్నీ చేశాక కూడా కండిషనర్ మీద మనసు ఉంటే, దాన్ని వాడదగిన చోటు ఫోనో ప్రీఆంప్లిఫయర్, నెట్‌వర్క్ ప్లేయర్ వంటి తక్కువ కరెంటు తీసుకునే పరికరాలు. వాటి సిగ్నల్ చిన్నది, వాటికి కావలసిన కరెంటు స్వల్పం, కాబట్టి వడపోత వల్ల నష్టం లేదు, ఒక్కోసారి లాభం ఉంటుంది. ఆ పనికి 48,000 పెట్టనక్కరలేదు, ఫిల్టర్ ఉన్న చిన్న పెట్టె చాలు. ఆంప్లిఫయర్‌కు కూడా పెట్టి చూస్తానంటే, కొనకుండా ఒక వారం ఇంటికి ఇమ్మని దుకాణదారును అడగండి. మీకు బాగా తెలిసిన రెండు మూడు రికార్డింగులు ఎంచుకుని, వాల్యూమ్ నాబ్ కదపకుండా, ఆంప్లిఫయర్ ప్లగ్గు ఎక్కడ ఉందో మీకు చెప్పకుండా ఇంట్లోవాళ్ళ చేత మార్పించి, ప్రతిసారీ మీ అభిప్రాయాన్ని రాసి పెట్టండి. మీ మిత్రుణ్ణీ పిలిచి ఇదే పరీక్షకు కూర్చోబెట్టండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు మీలో ఎవరైనా సరిగ్గా గుర్తుపడితే, ఏది బాగుందని రాశారో అదే ఉంచుకోండి. గుర్తుపట్టలేకపోతే పెట్టెను తిరిగి ఇచ్చేయండి. ఎర్తింగ్, ప్రొటెక్టర్ పనులు మాత్రం ఈ పరీక్ష కోసం ఆపకుండా ఈ వారంలోనే మొదలుపెట్టించండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు, ఎయిర్ కండిషనర్ ఉన్న లైను మీద కాకుండా మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో హాలులో ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించుకుంటే, మీ సిస్టమ్ మొత్తానికి అది చాలు.